కుర్చీతో పాటు వచ్చిన పిల్లి

ఫ్యాక్టరీ కూత ఆగిపోయాక మా వీధి తెల్లవారడం మర్చిపోయింది. అంతకుముందు ఆ కూతతోనే లేచేవాళ్ళం, ఆ కూతతోనే పొయ్యి వెలిగించేవాళ్ళం, దాన్ని తిట్టుకుంటూనే బతికేవాళ్ళం. అది ఆగిన మొదటిరోజు వీధి వీధంతా ఎండెక్కేదాకా పడుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

అది బూట్ల ఫ్యాక్టరీ. మా వాడు తోళ్ళు కోసే బల్ల దగ్గర పనిచేసేవాడు. మా కోడలు బూటు పైభాగం కుట్టే మిషను మీద కూర్చునేది. ఎక్కడో ఎవరో బూట్లు కొనడం మానేశారట, ఇంకెక్కడో బ్యాంకులు అప్పివ్వడం మానేశాయట, దాంతో ఇక్కడ గేటుకి తాళం పడిందట. దానికీ దీనికీ లంకె ఏమిటో మా వాడు నాకు చాలాసార్లు విడమరిచి చెప్పాడు. చెప్పినప్పుడల్లా తలూపాను. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

మాది రెండు గదుల ఇల్లు. పైన ఇంటాయన ఉంటాడు, కింద మేము. ఇంటాయన చెడ్డవాడేం కాదు. పెళ్ళాం పోయిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, మందూ మాకూ అన్నీ మేమిచ్చే అద్దె మీదే. మా వాడు అద్దె ఇవ్వలేకపోయిన మొదటి నెల ఆయన ఏమీ అనలేదు. రెండో నెల మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఎవరైనా అద్దె ఇచ్చేవాళ్ళని చూసుకోవాలి. నన్ను మాత్రం తిట్టుకోకండి" అన్నాడు. అంటూ ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. తిడదామన్నా నోరు రాలేదు.

ఆ సాయంత్రం మా వాడు ఒక ఏర్పాటు చెప్పాడు. తను పని వెతుక్కుంటూ వేరే ఊరు పోతాడట. కోడలూ మనవరాలూ ఆవిడ పుట్టింటికి పోతారట. నేను మా అమ్మాయి దగ్గరికి పోవాలట. ఎంత తేలిగ్గా చెప్పాడో! బట్టలు విడదీసి ఆరేసినట్టు మనుషుల్ని విడదీసి పెట్టాడు. కోడలు కూరకి ఆలుగడ్డలు కోసి, ఆ తొక్కల్ని పారేయకుండా వేయించడానికి పక్కన పెట్టింది. ఆ మనిషిది అదీ పద్ధతి. గింజ కింద పడితే వంగి తీస్తుంది. సబ్బు అరిగి కాగితమంత పల్చనైతే కొత్త సబ్బుకి అంటిస్తుంది. వృథా అంటే ఆవిడకి ఒళ్ళు మంట.

ఆ రోజుల్లోనే సర్కారు రెండు సాయాలు ప్రకటించింది. ఒకటి, స్కూలు హాల్లో వారానికోసారి బియ్యం, పిండి, పప్పు, నూనె ఇస్తారు. రెండోది, పని పోయినవాళ్ళ ఇంటి అద్దె, పని దొరికేదాకా సర్కారే నేరుగా ఇంటివాళ్ళకి కడుతుంది. అద్దె సాయానికి మాత్రం ఒక ఆఫీసరమ్మ ఇంటికొచ్చి చూసి, నిజంగా అవసరమేనని రాయాలి.

నేను మొదటి వారమే సంచీ పట్టుకుని హాలుకి పోయాను. సిగ్గెందుకు? అడిగితేగాని అమ్మైనా పెట్టదు. తీరా చూస్తే అంత హాల్లో బస్తాలు కొండల్లా ఉన్నాయి, మనుషులు మాత్రం నలుగురైదుగురు. తూకం వేసే అబ్బాయి ఆవలిస్తూ కూర్చున్నాడు. మా వీధివాళ్ళు ఒక్కరు లేరు.

ఇంటికి రాగానే కోడలు సంచీ లాక్కుని తలుపు వేసింది.

"ఎవరైనా చూశారా అత్తయ్యా?"

"చూస్తే ఏంటమ్మాయ్? దొంగతనం చేశానా?"

"మామయ్యగారు ఉన్నప్పుడు ఈ వీధిలో సగంమంది మన గుమ్మంలోకొచ్చి బదులు అడిగి పోయేవాళ్ళు. ఇప్పుడు మనం సంచీ పట్టుకుని వీధినపడితే ఏమనుకుంటారు?"

"వాళ్ళకి మన గురించి అనుకోవడానికి తీరిక ఎక్కడిదే? వాళ్ళ డబ్బాలూ ఖాళీయే కదా."

"ఖాళీ అని ఎవరన్నారు? టైలరమ్మ ఇంట్లోంచి నిన్న వేపుడు వాసన వచ్చింది."

వేపుడు వాసన మా ఇంట్లోంచీ వచ్చింది, ఆలుగడ్డ తొక్కలది. ఆ మాట నేను అనలేదు. తెచ్చిన మనిషిని తిట్టింది గానీ తెచ్చిన బియ్యాన్ని తిట్టలేదు, ఆ రాత్రికే వండింది.

ఆఫీసరమ్మ వస్తోందని కబురొచ్చిన పొద్దున మా కోడలిలో ఒక పూనకం బయలుదేరింది. ముందు ఇల్లు కడిగింది. కడగడం వరకూ మంచిదే. ఆ తర్వాత పక్కింటి టైలరమ్మ దగ్గరికి పోయి ఆవిడ పూల తెర, గాజు కప్పులు, కొంచెం చక్కెర తెచ్చింది. వెనక సందులో ఉండే మేస్త్రీ గారింటి నుంచి ఆయన మెత్తటి పెద్ద కుర్చీ తెప్పించింది. మేస్త్రీ అంటే ఫ్యాక్టరీలో మా వాడి మీద అజమాయిషీ చేసినాయన, వీధి మొత్తానికి ఆ కుర్చీ ఒక్కటే కుర్చీ. మిగతావన్నీ బల్లలూ పీటలూ.

"అమ్మాయ్, ఆవిడ వచ్చేది మనకి లేదని చూడ్డానికి. ఉందని చూపిస్తే ఎలాగే?" అన్నాను.

"ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెట్టమంటారా? ఉన్నదేదో నోటితో చెబుతాం. ఇల్లు చూసి జాలిపడక్కర్లేదు."

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత."

"సామెతలు తర్వాత. ముందు ఆ మంచి బట్టలు కట్టుకోండి."

కట్టుకున్నాను. ఆ ఇంట్లో నా మాట ఎన్నడు చెల్లింది గనక!

ఆఫీసరమ్మ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, నడిచి నడిచి మొహం వాడిపోయి ఉంది. మెత్తటి కుర్చీలో కూర్చోగానే పాపం ఆవిడకి కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో వెనక తలుపులోంచి మేస్త్రీ గారి పిల్లి నడిచొచ్చింది. ఎర్ర పిల్లి, ఒక చెవి సగం లేదు. దానికి ఆ కుర్చీ తప్ప ఇంకో చోట నిద్ర పట్టదు. కుర్చీ ఎటు పోతే అది అటు పోతుంది. ఎగిరి ఆఫీసరమ్మ పక్కన సందు చేసుకుని ముడుచుకుంది.

"మీ పిల్లా?" అంది ఆవిడ.

మా కోడలు ఒక్క క్షణం తటపటాయించి, "అవునండీ, మాదే" అంది.

ఆవిడ తెర చూసింది, కప్పు చూసింది, టీ తాగింది. ఇబ్బంది ఏమిటని అడిగితే మా కోడలు, "పెద్దగా ఏం లేదండీ, ఏదో కొంచెం సర్దుబాటుకి" అంది. నేను నోరు తెరిచేలోగా నా కాలు తొక్కింది. ఆఫీసరమ్మ ఏదో రాసుకుని లేచి, పక్కిల్లు ఎటని అడిగింది.

పక్కిల్లంటే టైలరమ్మ ఇల్లు! ఆవిడ తెర మా ఇంట్లో, ఆవిడ కప్పులు మా ఇంట్లో. పైగా ఆవిడకీ ఆ కుర్చీ కావాలట, ముందే మాట్లాడుకున్నారట ఈ మహాతల్లులు. వెనక గదిలోంచి కోడలు నాకు సైగ చేసింది, ఆపమని. మాట్లాడమంటే నాకు చెప్పాలా?

"ఆగమ్మా, ఆ బూటు ఒకసారి చూడనీ" అని గుమ్మంలో ఆవిడ చేయి పట్టుకున్నాను. "ఇది మన ఫ్యాక్టరీదే. ఈ కుట్టు చూడు, జంట కుట్టు, ఇది మా కోడలి వరసదే అయి ఉంటుంది. నీకు కాలు నొప్పి పెడుతోందా? మడమ దగ్గర కొత్తలో అలాగే పట్టేస్తుంది. మా ఆయనకీ అంతే, పెళ్ళినాడు కొత్త బూట్లు వేసుకుని..." అని మా పెళ్ళి మొత్తం చెప్పాను. మా ఆయన చెప్పుల్లేకుండా అత్తారింటికి నడిచిన వైనం దగ్గరికి వచ్చేసరికి వెనక సందులో ఏదో దబ్బున పడిన చప్పుడైంది. "ఏంటది?" అంది ఆఫీసరమ్మ. "పిల్లమ్మా" అన్నాను. నిజమే, దాని మీదే పడబోయిందట కుర్చీ.

టైలరమ్మ ఇంట్లో ఆవిడకి అదే తెర, అవే కప్పులు, అదే కుర్చీ. కూర్చుని రెండు గుక్కలు తాగిందో లేదో, పిల్లి వచ్చింది. ఆవిడ దాన్ని చూసింది, అది ఆవిడని చూసింది. టైలరమ్మ గబగబా, "పక్కింటి వాళ్ళ పిల్లండీ, అస్తమానం ఇక్కడే" అంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ తర్వాతి వంతు మేస్త్రీ గారిది, ఆయన పరువు ఆయనది. సొంత కుర్చీ లేకుండా ఆయన ఆఫీసరమ్మకి మొహం చూపించడు. అక్కణ్ణించి కుర్చీ, దానితో పాటు తెర, కప్పులు వెనక సందులోంచి ఆయనింటికి పరిగెత్తాయి. ఈసారి ఆపడానికి నేను అక్కడ లేను. ఆవిడ పోయేసరికి తెర ఇంకా ఒక పక్కే తగిలించి ఉందట, మేస్త్రీ గారు చెమటలు కక్కుతూ, "రండి రండి, ఇప్పుడే లేచాను" అన్నాడట. పిల్లి అప్పటికే కుర్చీలో నిద్రపోతోంది.

ఆఫీసరమ్మ కూర్చోలేదట. పిల్లి దగ్గర వంగి, "ఇంతకీ నువ్వు ఏ ఇంటి దానివే?" అని అడిగిందట. ఆ వెంటనే, వీధిలోంచి కాక, కుర్చీ వచ్చిన దారినే వెనక సందులోంచి మా ఇంటి పెరటి తలుపులోకి వచ్చేసింది.

మేము వంటగదిలో ఉన్నాం. ముందుగదిలో తెర లేదు, కుర్చీ లేదు, కప్పుల్లేవు. కోడలు పీట మీద కూర్చుని నాకు మంచినీళ్ళు ఇస్తోంది. మా వాడు అప్పుడే పని కోసం తిరిగి తిరిగి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. ఎవరం లేవలేకపోయాం.

"నేను ఈ ఉద్యోగంలో చాలా చూశానమ్మా" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "ఉన్నది దాచిపెట్టి లేదన్నవాళ్ళని చూశాను. లేనిది అప్పు తెచ్చి ఉందన్నవాళ్ళని ఇవాళే చూడ్డం."

మా కోడలు మొహం కందగడ్డలా అయింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండీ. మేం ఎప్పుడూ ఎవరి ముందూ చేయి చాచినవాళ్ళం కాదు. వదిలేయండి. రాసింది ఉంచేయండి."

"ఏమని రాశానో తెలుసా? అవసరం లేదని. మీకే కాదు, ఈ పేటలో ఇప్పటిదాకా చూసిన ప్రతి ఇంటికీ అదే రాశాను. మరి ఎక్కడ చూసినా తెరలూ కప్పులే." ఆవిడ గోడకి ఆనుకుంది. "మీ పేటకని సర్కారు కొంత సొమ్ము పక్కన పెట్టింది. ఎంతమందికి కావాలో నెలాఖరులోగా పైకి చెప్పాలి. ఎవరికీ అక్కర్లేదంటే, ఆ పేట బాగానే ఉందనుకుంటారు. సొమ్ము వెనక్కి తీసుకుంటారు. స్కూలు హాలూ మూసేస్తారు."

"వెనక్కంటే?" అంది మా కోడలు.

"వెనక్కంటే వెనక్కే. ఖజానాకి."

"మరి ఆ హాల్లో బస్తాలు?"

"గోదాములో పడేస్తారు."

"గోదాములో పురుగు పట్టదూ?"

"ఎందుకు పట్టదు? పడుతుంది."

చూడాలి అప్పుడు మా కోడలిని! అడిగితేగాని అమ్మైనా పెట్టదని నేను చెబితే చెవిన పెట్టలేదు, మొగుడు బతిమాలితే వినలేదు. పురుగు అన్న మాట విన్నదో లేదో, పీట మీంచి లేచింది.

"పురుగు పడుతుందని తెలిసి కూడా పడేస్తారా? బియ్యాన్ని? ఈయన జీతంలోంచి నెలనెలా పన్ను కోశారు, నా జీతంలోంచి కోశారు, మామయ్యగారి జీతంలోంచి ఆయన పోయేదాకా కోశారు. ఆ సొమ్ము తీసుకెళ్ళి పురుగులకి పెడతారా?"

"నేను పెట్టనమ్మా. మీరే పెట్టిస్తున్నారు."

మా కోడలు ఒక్క ఉదుటున అలమర దగ్గరికి పోయి డబ్బాలు ఒక్కొక్కటీ దింపి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది. మూతలు తీస్తుంటే చప్పుడు వీధి చివరికి వినబడి ఉంటుంది.

"చూడండి. ఇది పిండి డబ్బా, అడుగు కనబడుతోందా? ఇది చక్కెర డబ్బా, ఇందులో వాసన ఉంది, చక్కెర లేదు. మీరు తాగిన టీలో చక్కెర టైలరమ్మది. ఇది మా అత్తయ్య హాలు నుంచి తెచ్చిన బియ్యం, ఎల్లుండికి అయిపోతుంది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. ఈయన ఒక ఊరు, నేనూ పిల్లా ఒక ఊరు, ఈ ముసలావిడ ఒక ఊరు. రాసుకోండి. గట్టిగా రాసుకోండి!"

ముసలావిడ అన్నందుకు ఇంకోరోజైతే చూసుకుందును. ఆ రోజు నాకు ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అడగడం చేతకానిది, తిట్టడం మొదలుపెడితే ఎంత చక్కగా అడిగిందో!

ఆఫీసరమ్మ ముందు రాసింది కొట్టేసి మళ్ళీ రాయసాగింది. అప్పుడు పెరటి గుమ్మంలో ఏదో నీడ పడితే తిరిగి చూశాం. మేస్త్రీ గారు. నెత్తిన కుర్చీ. మాకు చీవాట్లు పడుతున్నాయని విని, మళ్ళీ కూర్చోబెట్టడానికి మోసుకొచ్చాడట ఆ పిచ్చి మహారాజు. వెనక టైలరమ్మ, చేతిలో తెర.

"ముందు అది దించండి బాబాయిగారూ, మెడ విరుగుతుంది" అంది మా కోడలు.

ఆయన దించాడు. నేల మీదున్న డబ్బాల్ని చూసి, "మా ఇంట్లో డబ్బాలు కూడా లేవమ్మా, అమ్మేశాను" అన్నాడు మెల్లగా. ఫ్యాక్టరీలో ఆయన గొంతు మిషన్ల మోత మీంచి వినపడేదని మా వాడు చెప్పేవాడు.

టైలరమ్మ తెర మడతపెడుతూ, "నాకు ఈ రెండు నెలల్లో ఒక్క జాకెట్టు రాలేదు వదినా. నువ్వు కప్పులడిగితే, మీరు బాగానే ఉన్నారు కాబోలు, కప్పులే తక్కువయ్యాయేమో అనుకున్నా" అంది.

"నీ వేపుడు వాసన చూసి నేనూ అలాగే అనుకున్నా."

"ఏం వేపుడే తల్లీ? ఆలుగడ్డ తొక్కలు."

ఆ మాటకి మా కోడలికి నవ్వొచ్చింది. ఏడుపు కూడా దాని వెనకే వచ్చిందనుకోండి. ఆఫీసరమ్మ కుర్చీలో కూర్చుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరి ఇళ్ళ సంగతీ అక్కడే రాసుకుంది. పోతూ పోతూ, "మిగతా ఇళ్ళవాళ్ళకి ఎవరు చెబుతారు? నేను చెబితే మళ్ళీ తెరలు కడతారు" అంది.

"నేను చెబుతా" అంది మా కోడలు.

చెప్పిందంటే అలా ఇలా చెప్పలేదు. ఆ వారం హాలు తెరిచిన రోజు సంచీ మడత పెట్టి చంకలో దాచుకోకుండా భుజాన వేసుకుని వీధి మధ్యలో నడిచింది. నేను వెనక. "ఎక్కడికమ్మా పొద్దున్నే?" అని ఎవరో అరుగు మీంచి అడిగారు. ఆ ప్రశ్నకి భయపడే కదా ఇన్నాళ్ళూ తలుపు వేసుకుంది. ఆగి, తల ఎత్తి, "బియ్యానికి. పురుగు పట్టకముందే. మీరూ రండి!" అంది. ముందు ఇద్దరు వచ్చారు. తర్వాతి వారం తూకం అబ్బాయికి ఆవలించే తీరిక లేకపోయింది, పక్కన ఇంకో త్రాసు పెట్టారు. ఒకావిడ మాత్రం రాలేదు, ఎవరు చెప్పినా. ఆవిడ వాటా మేస్త్రీ గారు పెరటి గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాడు. పరువు కొందరికి అంత తొందరగా వదలదు, దానికీ ఓపిక పట్టాలి.

మా పేట సొమ్ము వెనక్కి పోలేదు. నెలాఖరు ఇంకా రాకముందే ఒక పొద్దున ఇంటాయన మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. మోకాళ్ళ నొప్పులాయన, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగుతాడు. మా వాడు లేచి నిలబడ్డాడు. కోడలు గిన్నె కడుగుతూ ఆగిపోయింది.

ఆయన చేతిలో రెంచీ ఉంది.

"అద్దె వచ్చింది పెద్దమ్మా. సర్కారు నుంచి. రెండు నెలల బాకీతో సహా" అన్నాడు. ఆ మాట ఎలా అనాలో తెలియనట్టు అన్నాడు. "పని దొరికేదాకా వస్తూనే ఉంటుందట. మరి ఇక్కడే ఉండేవాళ్ళకి ఆ కుళాయి కారుతూ ఉంటే ఏం బాగుంటుంది?"

ఆ కుళాయి ఏడాదిగా కారుతోంది. ఖాళీ చేసి పోయేవాళ్ళకి ఎవరు బాగుచేస్తారు? ఆయన వంగి, మూలుగుతూ, రెంచీ పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. అంతే, పిడి ఊడి చేతికొచ్చింది. నీళ్ళు ఫౌంటెన్‌లా లేచి ఆయన కళ్ళద్దాల్ని కొట్టి, ఇంటి కప్పుకి తగిలి, మా అందరి మీదా పడ్డాయి. "పట్టుకోండి, పట్టుకోండి!" అని ఆయన అరుస్తుంటే మా వాడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు, టైలరమ్మ గోడ అవతలి నుంచి "ఏమైంది?" అని కేక వేసింది. మా కోడలు నిలువునా తడిసి ముద్దై, నీళ్ళు వృథాగా పోతున్నాయని బిందెలు, గిన్నెలు, చెంబులు, దొరికినదల్లా తెచ్చి కింద పెడుతోంది. పెడుతూ నవ్వుతోంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంట్లో అంత చప్పుడు వినడం అదే మొదలు.